రిఫైనరీలు మూసేసి పెట్రోలు కొనుక్కోవడమేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్ పోర్టులో ఇరవై రెండేళ్లు షిప్పింగ్ ఏజెన్సీ పని చేశాను, అందులో సగానికి పైగా ఆయిల్ ట్యాంకర్లతోనే గడిచిపోయింది. మా అక్క కొడుకు ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లోని పాయింట్ కుక్ అనే చోట ఉంటాడు, వాడికి దగ్గర్లోనే ఆల్టోనా రిఫైనరీ ఉండేది. అది మూతపడినప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ "మావయ్యా, ఇంత పెద్ద దేశం పెట్రోలు కూడా చేసుకోలేదా" అని మొదలెడతాడు. ఇక్కడ గాజువాకలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా అవే డౌట్లు, కాకపోతే మన రిఫైనరీ గురించి. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక అయిపోయి ఇలా రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా అర్థమవ్వాలని రాశాను, అందుకని ఒకే మాట రెండు చోట్ల కనిపిస్తే విసుక్కోకండి.

## ముందు అసలు సంగతి

క్రూడ్ దిగుమతి చేసుకున్నా పెట్రోలు దిగుమతి చేసుకున్నా ఒకటే కదా?

ఒకటి కాదు. చాలామంది ఇక్కడే తికమక పడతారు. క్రూడ్, అంటే ముడి చమురు, ధాన్యం అనుకోండి, పెట్రోలూ డీజిలూ బియ్యం, రిఫైనరీ మిల్లు. మన దేశం ధాన్యం బయట కొంటుంది, మిల్లు మాత్రం మనదే, మనం తినగా మిగిలిన బియ్యం బయటికి అమ్ముతుంది కూడా. ఆస్ట్రేలియాలో ధాన్యం కొంత పండుతుంది, కానీ మిల్లులు చాలావరకు మూసేసి బియ్యం కొనుక్కుంటున్నారు. ఇద్దరూ బయటివాళ్ల మీద ఆధారపడ్డవాళ్లే. తేడా ఎక్కడంటే, ధాన్యం కొనేవాడికి బేరం ఎక్కువ, ఒకచోట దొరక్కపోతే ఇంకోచోట వేరే రకం తెచ్చి ఆడించుకోవచ్చు. బియ్యం కొనేవాడు తన దేశపు స్పెసిఫికేషన్‌కి సరిపోయే సరుకు ఎవరి దగ్గర సిద్ధంగా ఉందో వాళ్ల దగ్గరికే పోవాలి.

ఆస్ట్రేలియాలో మొత్తం ఎన్ని ఉండేవి, ఇప్పుడు ఎన్ని మిగిలాయి?

2000 ప్రాంతంలో పెద్దవి ఎనిమిది. అడిలైడ్ దగ్గర పోర్ట్ స్టాన్‌వాక్ 2003లో ఆగింది. సిడ్నీలో క్లైడ్ 2012లో, కర్నెల్ 2014లో, బ్రిస్బేన్‌లో బుల్వర్ ఐలాండ్ 2015లో. పెర్త్ దగ్గర క్వినానా, మెల్‌బోర్న్‌లో ఆల్టోనా రెండూ 2021లోనే పోయాయి. మిగిలినవి రెండు: బ్రిస్బేన్‌లో ఆంపోల్ వాళ్ల లిట్టన్, మెల్‌బోర్న్‌కి ఆ పక్క జీలాంగ్‌లో వివా ఎనర్జీది.

రెండున్నాయి కదా, వాటితో దేశం నడవదా?

నడవదు. జీలాంగ్ రోజుకు 1.2 లక్షల బ్యారెళ్లు, లిట్టన్ సుమారు 1.09 లక్షల బ్యారెళ్లు శుద్ధి చేయగలవు. రెండూ కలిపి 2.3 లక్షల లోపే. మన వైజాగ్ రిఫైనరీ ఒక్కదాని సామర్థ్యం ఏడాదికి 1.5 కోట్ల టన్నులు, అంటే రోజుకు సుమారు 3 లక్షల బ్యారెళ్లు! ఒక ఖండమంత దేశంలో మిగిలిన రిఫైనింగ్ అంతా కలిపినా మన రిఫైనరీ ఉన్న మల్కాపురం గోడ లోపల ఉన్నదాని కంటే తక్కువన్న మాట. ఈ లెక్క చెప్పినప్పుడు మా మేనల్లుడు రెండుసార్లు క్యాలిక్యులేటర్ కొట్టి చూసుకున్నాడు. అక్కడ వాడే ఇంధనంలో ఈ రెండూ ఇచ్చేది సుమారు ఐదో వంతు, ఆ ఐదో వంతు తయారు చేయడానికి కావలసిన క్రూడ్‌లో కూడా ఎక్కువ భాగం బయటిదే. అందుకే దిగుమతి 90 శాతం అని వార్తల్లో కనిపిస్తుంది.

## మూసే ముందు

లాభం వచ్చేదాన్ని ఎవరైనా మూసుకుంటారా?

లాభం సన్నగిల్లింది కాబట్టే మూశారు. ఒక బ్యారెల్ క్రూడ్ కొన్న ఖర్చుకీ, దాని నుంచి వచ్చిన సరుకులన్నీ అమ్మితే వచ్చే డబ్బుకీ మధ్య తేడాని రిఫైనింగ్ మార్జిన్ అంటారు, ఇది బ్యారెల్‌కి కొన్ని డాలర్లు మాత్రమే ఉంటుంది, ఒక్కోసారి సున్నాకి కూడా జారిపోతుంది. అంత పలచటి మార్జిన్ మీద బతకాలంటే భారీగా ఆడించాలి. ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పెద్దదైన క్వినానా రోజుకు 1.46 లక్షల బ్యారెళ్లు చేసేది. గుజరాత్‌లో రిలయన్స్ వాళ్ల జామ్‌నగర్ సముదాయం 12 లక్షల పైన. దాదాపు ఎనిమిది రెట్లు. జీతాలూ మెయింటెనెన్సూ ఎనిమిది రెట్లు కావు కదా. సింగపూర్, దక్షిణ కొరియా, మన దేశం, చైనాల్లో కొత్త పెద్ద మిల్లులు వచ్చేశాక, 1950ల్లో 60ల్లో కట్టిన చిన్న మిల్లుకి పని మిగలదు. దానికి తోడు 2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగాయి, రోడ్లు ఖాళీ, మార్జిన్ పడిపోయింది. క్వినానా మూసివేత ప్రకటన 2020 అక్టోబరులో, ఆల్టోనాది 2021 ఫిబ్రవరిలో. ఎవరో కక్ష కట్టి చేసింది కాదు ఇది. కంపెనీ లెక్కల్లో మూయడం సబబే, దేశం లెక్క వేరు, ఆ రెండో లెక్క వేయాల్సిన బాధ్యత కంపెనీది కాదు.

వాళ్ల దగ్గరే క్రూడ్ దొరుకుతుందిగా, అదేం చేస్తున్నారు?

ఎక్కువ భాగం అమ్మేస్తున్నారు. అది దొరికేది ప్రధానంగా వాయవ్య తీరంలో, చాలావరకు తేలిక రకం, గ్యాస్‌తో పాటు వచ్చే కండెన్సేట్ అనే పలచటి నూనె కూడా అందులో ఉంటుంది. జనం, రిఫైనరీలు ఉన్నదేమో తూర్పు తీరాన. అక్కడి నుంచి ఓడలో సిడ్నీకి తేవడం కంటే ఆసియాకి పంపడమే సులువు. పైగా మిల్లుకి ఏ ధాన్యమైనా సరిపోదు, పాత రిఫైనరీలు ఫలానా రకం క్రూడ్‌కని డిజైన్ చేసినవి. మన నూకలు, తవుడు, ఊక లాగే క్రూడ్ నుంచి వచ్చే ప్రతి సరుకూ ఎంతోకొంత అమ్ముడుపోతేనే గిట్టుబాటు, తేలిక రకం ఆడిస్తే రోడ్లకి వేసే తారు రాదు.

పర్యావరణం వాళ్లు గొడవ చేసి మూయించారంటారు, నిజమా?

ప్రధాన కారణం అది కాదు. కాకపోతే ఇంధనంలో గంధకం తగ్గించాలంటే కొత్త యూనిట్లు కట్టాలి, దానికి బోలెడు డబ్బు. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణం, అంటే గంధకం 10 పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) లోపు. ఆస్ట్రేలియాలో మామూలు పెట్రోలుకి 150 పీపీఎం దాకా అనుమతి ఉండేది, 10కి దిగింది 2025 డిసెంబరులో. ఈ విషయంలో వాళ్ల కంటే మనం ఐదేళ్లు ముందున్నాం అంటే ఎవరూ నమ్మరు! కొన ఊపిరితో ఉన్న ప్లాంటు మీద అంత డబ్బు పెట్టే ఓనరు ఉండడు.

గవర్నమెంటు చూస్తూ ఊరుకుందా?

చాలా ఏళ్లు చూస్తూనే ఉంది. మార్కెట్టే చూసుకుంటుందన్నారు. రెండే మిగిలాక 2021లో ఫ్యూయల్ సెక్యూరిటీ చట్టం తెచ్చారు. మార్జిన్ బాగా పడిపోయినప్పుడు లీటరుకి గరిష్ఠంగా 1.8 సెంట్ల దాకా ప్రభుత్వం ఇస్తుంది, బదులుగా ఆ రెండు కంపెనీలు 2027 మధ్య వరకు నడుపుతామని ఒప్పుకున్నాయి. ఆరు పోయాక రెండింటికి ఆక్సిజన్ పెట్టినట్టయింది.

## మూసిన తర్వాత

మూసేసిన చోట ఏం చేస్తారు? ఖాళీగా పెడతారా?

చాలాచోట్ల ఇంపోర్ట్ టెర్మినల్, అంటే బయటి నుంచి వచ్చిన సరుకు దింపి నిల్వ చేసే చోటు, చేస్తారు. జెట్టీ ఉంటుంది, ట్యాంకులు ఉంటాయి, పైపులైన్లు ఉంటాయి, తీసేసేది మధ్యలోని ప్రాసెసింగ్ యూనిట్లనే. బయటి నుంచి చూసేవాళ్లకి ఏమీ మారనట్టే ఉంటుంది. లోపల మారేది మనుషుల సంఖ్య. క్వినానాలో సుమారు 650 ఉద్యోగాలు ఉండేవి, టెర్మినల్ అయ్యాక 60 దాకా చాలన్నారు. ఆల్టోనాలో దాదాపు 350 మంది. వీళ్లతో పాటు షట్‌డౌన్ (రిపేర్లకని ప్లాంటు కొన్నాళ్లు ఆపడం) పనులకొచ్చే వెల్డర్లు, స్కాఫోల్డింగ్ వాళ్లు, క్రేన్ వాళ్లు, క్యాంటీన్లు. శ్రీహరిపురం, మల్కాపురం వైపు తిరిగినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు, అక్కడ ఎన్ని ఇళ్లలో షట్‌డౌన్ సీజన్ చూసుకుని పెళ్లి ముహూర్తాలు పెడతారో.

మూశాక అక్కడ పెట్రోలు రేటు పెరిగిందా?

మూసినందువల్ల పెద్దగా మారలేదు, చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. రిఫైనరీలు నడుస్తున్న రోజుల్లో కూడా అక్కడి రేటు సింగపూర్ ధరకి ఓడ ఖర్చు, బీమా కలిపి లెక్కగట్టేవారు. సొంత మిల్లులో ఆడించినా బజారు రేటుకే అమ్మేవారన్న మాట. కాబట్టి మామూలు రోజుల్లో బంకు దగ్గర జేబుకి తేడా తెలియదు. ఓడలు ఆలస్యమైన రోజున తెలుస్తుంది.

అవసరం పడితే మళ్లీ తెరుచుకోవచ్చు కదా?

అంత వీజీ కాదు. ఉప్పుగాలిలో ఏడాది ఆగిన పైపులు ఎలా ఉంటాయో వైజాగ్‌లో ఇనుప గేటు ఉన్న ప్రతి ఇంటివాళ్లకీ తెలుసు. తుప్పు సంగతి పక్కన పెట్టినా, ఆపరేటర్లు వేరే ఉద్యోగాల్లోకి వెళ్లిపోతారు, యూనిట్ శబ్దం విని ఏదో తేడాగా ఉందని పట్టేసే మనిషిని మళ్లీ తయారు చేయడానికి పదేళ్లు పడుతుంది. పోర్ట్ స్టాన్‌వాక్‌ని 2003లో తాత్కాలికంగా అని ఆపారు, మళ్లీ తెరవనే లేదు, చివరికి కూల్చేశారు.

ఇది ఒక్క ఆస్ట్రేలియా కథేనా?

కాదు. న్యూజిలాండ్‌లో ఉన్నదే ఒక్కటి, మార్స్‌డెన్ పాయింట్, 2022లో దాన్ని ఆపి టెర్మినల్ చేసేశారు. స్కాట్లండ్‌లో 1924 నుంచి నడిచిన గ్రేంజ్‌మౌత్ 2025లో శుద్ధి ఆపేసింది. దక్షిణాఫ్రికా డర్బన్‌లో రెండు ఆగాయి.

## మన వైజాగ్ సంగతి

మన రిఫైనరీ కూడా ఏదో ఒకరోజు మూసేస్తారా?

ఇప్పుడు నడుస్తున్నది దానికి పూర్తిగా రివర్సు. 1957లో మొదలైనప్పుడు ఏడాదికి 6.75 లక్షల టన్నులు, తర్వాత 83 లక్షల టన్నుల దాకా వచ్చింది, మోడర్నైజేషన్ ప్రాజెక్టుతో 1.5 కోట్ల టన్నులు. ఇక్కడి నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా 572 కిలోమీటర్ల ప్రొడక్ట్ పైపులైను ఉంది, అంటే కొనేవాడు పైపు అవతలి చివర రెడీగా ఉన్నాడు. దేశం మొత్తం మీద శుద్ధి సామర్థ్యం ఏడాదికి 25 కోట్ల టన్నులు దాటింది, అమెరికా, చైనా, రష్యాల తర్వాత మనమే. మిల్లు మూతపడుతుందని టెన్షన్ అక్కర్లేదు. టెన్షన్ పడితే ధాన్యం గురించి పడాలి, క్రూడ్‌లో 85 శాతం పైన బయటిదే.

కేజీ బేసిన్ మన పక్కనే ఉందిగా, ఇంకా బయట కొనడమెందుకు?

అక్కడ ఎక్కువగా దొరికేది గ్యాస్. ముంబై హై, రాజస్థాన్, అస్సాం, కేజీ అన్నీ కలిపినా దేశంలో ఏడాదికి తీసే క్రూడ్ 3 కోట్ల టన్నులు దాటడం లేదు, మన ఖర్చేమో సుమారు 24 కోట్ల టన్నులు. పాత బావులు ఏటేటా ఇంకిపోతున్నాయి కూడా.

రిఫైనరీ మా ఊళ్లో ఉంది, పెట్రోలు మాత్రం యానాంలో చవక. ఇదెక్కడి న్యాయం?

రేటులో రిఫైనరీ ఎంత దూరమన్నది చిన్న ముక్క, పన్ను పెద్ద ముక్క. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్ ఇంకో రూపాయి. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ వ్యాట్ తక్కువ. కాకినాడ వెళ్లినవాళ్లు పని కల్పించుకుని మరీ యానాం దాకా వెళ్లి ట్యాంకు నింపుకొని రావడం అందుకే. వైజాగ్‌లో తయారైన డీజిలే యానాం బంకులో చవగ్గా దొరికినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

గ్యాస్ బండ కూడా ఇక్కడే తయారవుతుందా?

కొంతే. ఆస్ట్రేలియాని చూసి నవ్వే ముందు మనం ఒకసారి మన వంటింట్లోకి చూసుకోవాలి. దేశంలో వాడే ఎల్‌పీజీలో సుమారు 60 శాతం తయారైన రూపంలోనే బయటి నుంచి వస్తుంది, అందులోనూ అత్యధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి, హోర్ముజ్ జలసంధి దాటుకుని. ఈ ఒక్క సరుకులో మనం కూడా బియ్యం కొనుక్కునేవాళ్లమే. కారణం రిఫైనరీలు లేక కాదు, ఒక బ్యారెల్ క్రూడ్ ఆడిస్తే వచ్చే ఎల్‌పీజీ చాలా తక్కువ, కనెక్షన్లేమో, ముఖ్యంగా 2016లో పేదలకి గ్యాస్ కనెక్షన్లిచ్చే ఉజ్జ్వల పథకం మొదలయ్యాక, 30 కోట్లు దాటిపోయాయి. క్రూడ్ ఓడ ఆలస్యమైతే రిఫైనరీ ట్యాంకుల్లో కొంత ఆసరా ఉంటుంది, గ్యాస్ ఓడ ఆలస్యమైతే బుక్ చేసిన బండ వారం లేటు, పిన్నిగారు పొయ్యి వెతుక్కోవాలి. వైజాగ్‌లో కొండ రాతిని తొలిచి కట్టిన భూగర్భ ఎల్‌పీజీ నిల్వ ఉంది, 60 వేల టన్నులది. వినడానికి పెద్ద అంకే గానీ దేశపు వాడకం ముందు ఒక రోజుకి కూడా చాలదు.

కొండ కింద క్రూడ్ దాచారంట, నిజమేనా? రాతిలోంచి కారిపోదా?

నిజమే. వైజాగ్‌లో 13.3 లక్షల టన్నులు పట్టే గుహలు 2015 నుంచి ఉన్నాయి. ఇవి కాక మంగళూరులో, ఉడిపి దగ్గర పాదూరులో ఉన్నాయి, మూడూ కలిపి 53.3 లక్షల టన్నులు, నిండుగా ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజులు వస్తాయి. ఆయిల్ కంపెనీల సొంత నిల్వలు కలిపితే 74 రోజులని ప్రభుత్వం చెప్పే లెక్క. కారిపోకపోవడం వెనక కిటుకు నీళ్లు. గుహ చుట్టూ రాతి పగుళ్లలో నీటిని ఒత్తిడితో నింపి ఉంచుతారు, నీరు లోపలికి తోస్తూ ఉంటుంది కాబట్టి నూనె బయటికి రాలేదు. లోపలికి ఊరిన నీటిని అడుగు నుంచి తోడేస్తారు. ఇనుము, సిమెంటు లైనింగ్ ఏమీ ఉండదు. 2020లో క్రూడ్ అడిగే నాథుడు లేక ధర పడిపోయినప్పుడు ఈ గుహలన్నీ నింపేశారు, మంచి పని చేశారు.

ఊరి మధ్యలో రిఫైనరీ ప్రమాదం కదా, ఆస్ట్రేలియా లాగా మూసేసి టెర్మినల్ పెట్టుకుంటే పోలా?

భయం అర్థం లేనిదేమీ కాదు. 1997 సెప్టెంబర్ 14న ఇక్కడ జరిగిన పేలుడులో 60 మంది దాకా పోయారు, 2013 ఆగస్టులో కూలింగ్ టవర్ కూలి మంటలంటుకుని ఇంకో ఇరవై మందికి పైగా. అయితే 1997లో అంటుకున్నది ఓడ నుంచి గ్యాస్ ట్యాంకులకి ఎక్కిస్తుంటే లీకైన ఎల్‌పీజీ. అంటే టెర్మినల్‌లో రోజూ జరిగే పనే. రిఫైనరీ తీసేసి టెర్మినల్ ఉంచితే ఓడలు, ట్యాంకులు, లారీలు అన్నీ అలాగే ఉంటాయి. గోడ పక్కన ఇళ్లు రాకుండా చూడటం, సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో జనానికి నేర్పడం అసలు పని. మా గ్రూపులో నలభై మందిని అడిగితే ఎటు పోవాలో ముగ్గురు చెప్పారు.

## గండం వచ్చినప్పుడు

రిఫైనరీ ఉంటే ఇక సేఫే కదా?

రిఫైనరీ ఒక్కటే చాలదు. శ్రీలంకలో సపుగస్కంద రిఫైనరీ ఉంది, 2021 నవంబరులో క్రూడ్ కొనడానికి డాలర్లు లేక ఆపేశారు, 2022లో బంకుల ముందు క్యూలు మనమంతా టీవీలో చూశాం. నైజీరియాది ఇంకో తమాషా, క్రూడ్ ఎగుమతి చేసే దేశం, ప్రభుత్వ రిఫైనరీలు ఏళ్ల తరబడి పడుకోవడంతో పెట్రోలు దిగుమతి చేసుకునేది. 2024లో డాంగోటే వాళ్ల ప్రైవేటు రిఫైనరీ మొదలయ్యాకే దారి మారింది. మరి రిఫైనరీ ఏం ఇస్తుందంటే, ఎంపిక. 2022కి ముందు మన దిగుమతుల్లో రష్యా క్రూడ్ రెండు శాతం కూడా లేదు, ధర తగ్గించి ఇస్తామనేసరికి రెండేళ్లలో మూడో వంతు దాటింది. సొంత మిల్లు లేనివాడు ఆ బేరానికి వెళ్లే పనే లేదు, క్రూడ్ తెచ్చి నెత్తిన పోసుకుంటాడా?

90 రోజుల నిల్వ ఉండాలంటారు, ఆస్ట్రేలియాకి ఉందా?

అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్య దేశాలు 90 రోజుల నికర దిగుమతులకి సరిపడా నిల్వ ఉంచాలి. ఆస్ట్రేలియా 2012 నుంచి ఆ లెక్క అందుకోలేకపోయింది. 2020లో 9.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో క్రూడ్ కొని అమెరికా నిల్వల్లో పెట్టారు, ధాన్యం కొని సముద్రం అవతల వియ్యంకుడి గాదెలో పోసినట్టు. 2022లో అమ్మేశారు. 2023 జులై నుంచి కంపెనీలు దేశంలో కనీస నిల్వ ఉంచాలన్న నిబంధన వచ్చింది, అది మెరుగే, కాకపోతే తీరానికి దగ్గర పడ్డ ఓడలోని సరుకు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఓడలతో పనిచేసినవాడిగా చెబుతున్నాను, జెట్టీకి కట్టి పంపు మొదలయ్యేదాకా అది సరుకు కాదు, కాగితం. గాలి ఎక్కువై బెర్తింగ్ (ఓడని జెట్టీకి కట్టడం) ఆపేస్తే కళ్లెదురుగా యాంకరేజ్‌లో లంగరేసి ఉన్న ట్యాంకరు నాలుగు రోజులు అలాగే నిలబడి డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, తింటుంది.

ఓడలు ఆగితే ముందు ఏది అయిపోతుంది?

డీజిల్ కొరత ఎక్కువ నొప్పి పెడుతుంది. పెట్రోలు లేకపోతే కారు ఇంట్లో పెట్టి బస్సెక్కుతాం. ఆస్ట్రేలియాలో గనులు, పొలాలు, షాపులకి సరుకు తెచ్చే లారీలు అన్నీ డీజిలే. కొరియా నుంచి సిడ్నీకి ట్యాంకరు రావడానికి సుమారు రెండు వారాలు, ఆర్డరు ఇవాళ పెట్టినా సరుకు అప్పటికే. మా మేనల్లుడు దీనికి విరుగుడుగా గ్యారేజీలో క్యాన్లలో పెట్రోలు దాస్తానన్నాడు, ఆ పని ఎవరూ చేయకండి, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తున్నాయిగా, ఇంకా రిఫైనరీల గోల ఎందుకు?

కార్లకి సరే. విమానం, ఓడ, లారీ, రోడ్డు తారు, ప్లాస్టిక్ మాటేమిటి? ఇంకో రెండు దశాబ్దాలు ఈ గోల తప్పదనే నా లెక్క.

సిడ్నీ కర్నెల్ రిఫైనరీకీ మన వైజాగ్‌కీ చుట్టరికం ఉందంటారు, నిజమా?

ఉంది. రెండూ కాల్టెక్స్ అనే విదేశీ ఆయిల్ కంపెనీ పేరుతో మొదలైనవే. కర్నెల్ 1956లో, మనది 1957లో. మా నాన్నగారి తరం వాళ్లు చివరిదాకా మన రిఫైనరీని కాల్టెక్స్ అనే పిలిచారు. 1976లో ఇక్కడిది ప్రభుత్వం చేతికొచ్చింది, 1978లో ప్రభుత్వ కంపెనీ హెచ్‌పీసీఎల్‌లో (హిందుస్థాన్ పెట్రోలియం) కలిసింది, ఆ తర్వాత పెరుగుతూ పోయింది. కర్నెల్ కంపెనీ చేతిలోనే ఉండి, మార్జిన్ చాలక 2014లో శుద్ధి ఆపేసింది, ఇప్పుడు ఆస్ట్రేలియాలోని పెద్ద ఇంధన దిగుమతి టెర్మినళ్లలో అదొకటి. ఆ కంపెనీ 2020లో పేరు మార్చుకుంది, ఈ రోజు లిట్టన్ నడుపుతున్న ఆంపోల్ అదే.